శంషాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఎంత దూరం, ఎంత సేపు?

(పట్టణ గ్రంథాలయంలో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పెద్దవాళ్ళు, వెనక ఇంటర్ చదివే పిల్లలు కూర్చున్నారు. పెద్దవాళ్ళలో చాలామందికి కొడుకో కూతురో అమెరికాలో ఉన్నారు. పిల్లల్లో కొందరు రేపో మాపో వెళ్ళేవాళ్ళే. ఇద్దరికీ పనికొచ్చే సంగతులే మాట్లాడదామని ఈ గ్లోబు పట్టుకొచ్చాను.

మా ఇంట్లో జరిగిన ఒక విషయంతో మొదలుపెడతాను. కొన్నేళ్ళ కిందట డిసెంబరులో మా అక్క కొడుకు దగ్గర ఐదు నెలలు ఉండి తిరిగి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో శుక్రవారం సాయంత్రం 4 గంటలకు విమానం. మధ్యలో గల్ఫ్‌లో ఒకచోట దిగి ఇంకో విమానం ఎక్కాలి. మొత్తం ప్రయాణం ఇరవై రెండున్నర గంటలని మా మేనల్లుడు ఫోన్లో చెప్పాడు. మా బావగారు లెక్క వేసుకున్నారు. శుక్రవారం సాయంత్రం 4 గంటలకి ఇరవై రెండున్నర కలిపితే శనివారం మధ్యాహ్నం రెండున్నర. శుక్రవారం రాత్రే రాజమండ్రిలో కారు మాట్లాడుకుని బయలుదేరి, శనివారం రెండు గంటలకల్లా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో జనం బయటికొచ్చే దారి దగ్గర నిలబడ్డారు. చేతిలో ఫ్లాస్కు. మా అక్కకి బయటి కాఫీ పడదని ఇంటి నుంచే కలిపించి తెచ్చారు.

నాలుగయింది, ఐదయింది. నాకు ఫోన్ చేశారు. "ఏవోయ్, మీ అక్క ఇంకా రాలేదు, నాకు టెన్షన్‌గా ఉంది" అన్నారు. నేను కాగితం మీద వేసి చూసి, "బావా, అక్క వచ్చేది రేపు తెల్లవారుజామున నాలుగింటికి. హోటల్లో రూమ్ తీసుకుని పడుకోండి" అన్నాను. "వస్తుందిగా, ఇక్కడే ఉంటాలే" అన్నారాయన. మధ్యాహ్నం రెండున్నర నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా, అంటే పదమూడున్నర గంటలు, ఆ ఇనుప కుర్చీలోనే కూర్చున్నారు.

ఆ పదమూడున్నర గంటలు ఎక్కడివో తెలుసా? శీతాకాలంలో మన గడియారానికీ కాలిఫోర్నియా గడియారానికీ ఉన్న తేడా సరిగ్గా పదమూడున్నర గంటలు. ఆ తేడా కలపడం మరిచిపోతే ఎంత ముందు వెళ్తామో, ఆయన అంత ముందు వెళ్ళారు.

అప్పటి నుంచి ఎవరు అడిగినా ఈ రెండు ప్రశ్నలకీ విడివిడిగా జవాబు చెబుతున్నాను. ఎంత దూరం అన్నదానికి జవాబు ఒకటే, వెయ్యేళ్ళ తర్వాత కొలిచినా మారదు. ఎంత సేపు అన్నదానికి మాత్రం ప్రతిరోజూ కొత్తగా లెక్క కట్టాలి. ఈ రెండూ ఎందుకు కలిసి నడవవో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు దూరం చూద్దాం. ఈ గ్లోబు నేను బడిలో పనిచేసినప్పటిది. దీని వ్యాసం 30 సెంటీమీటర్లు, అంటే నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్ల పైచిలుకు. నిజం భూమికి భూమధ్యరేఖ దగ్గర చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. కాబట్టి ఈ గ్లోబు మీద ఒక సెంటీమీటరంటే దాదాపు 425 కిలోమీటర్లు. ఇదేమో పూలు కట్టే దారం. ఒక కొస హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కిపెడతాను. రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి, వదులు లేకుండా లాగుతాను. పిల్లలూ, ఇలా దగ్గరికి రండి. దారం ఎటు పోయిందో చెప్పండి.

చూశారా, అరేబియా వైపు పోలేదు, జపాన్ వైపూ పోలేదు. నేరుగా పైకి పోయింది. ఉత్తరానికి ఇరవై డిగ్రీల లోపు తూర్పుగా ఒరిగి, నేపాల్ మీదుగా హిమాలయాలు దాటింది. టిబెట్, మంగోలియా పడమటి కొస, సైబీరియా. ఆ పైన ఆర్కిటిక్ సముద్రం అంచు తాకి, అంటే 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి, అక్కణ్ణుంచి అలాస్కా మీదుగా కిందికి దిగి, కెనడా తీరం పక్కనే వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. బంతి మీద రెండు చుక్కల మధ్య అతి దగ్గర దారి ఇదే. దీన్ని మహావృత్తం అంటారు. బంతిని సరిగ్గా నడిమికి కోస్తే కనిపించే అంచులో ఒక ముక్క ఇది.

మనకి వింతగా ఎందుకు అనిపిస్తుందంటే, చిన్నప్పటి నుంచి గోడ మీద బల్లపరుపు పటం చూసి పెరిగాం. మెర్కేటర్ 1569లో నావికుల కోసం గీసిన పటం నమూనా అది. ఓడ ఒకే దిక్సూచి కోణం పట్టుకుని వెళితే ఆ పటంలో తిన్నని గీత వస్తుంది. నావికుడికి అది వరం. కానీ ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ అది భూమిని విపరీతంగా సాగదీస్తుంది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. ఆ పటంలో మన దారాన్ని గీస్తే పెద్ద విల్లులా వంగి, చుట్టూ తిరిగి వెళ్తున్నట్టు కనిపిస్తుంది. విమానంలో సీటు ముందున్న తెర మీద ఆ వంకర గీత చూసి "పైలట్ ఇంత చుట్టు తిప్పుతున్నాడేంటి" అనుకునేవాళ్ళు చాలామంది. వంకర పటంలో ఉంది. విమానం వెళ్ళేది దగ్గర దారినే.

ఇప్పుడు దారం కొలుద్దాం. 32 సెంటీమీటర్లు. 425తో గుణిస్తే 13,600 కిలోమీటర్లు. లెక్క కావాలనే పిల్లలు రాసుకోండి. శంషాబాద్ అక్షాంశం 17.2 ఉత్తరం, రేఖాంశం 78.4 తూర్పు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టు 37.6 ఉత్తరం, 122.4 పడమర. రెండు అక్షాంశాల సైన్ల లబ్ధానికి, వాటి కొసైన్ల లబ్ధాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో గుణించి కలపండి. వచ్చేది ఒక కోణం కొసైన్. ఆ కోణం దాదాపు 121.8 డిగ్రీలు. భూమి మీద డిగ్రీకి 111.2 కిలోమీటర్లు కాబట్టి 13,540 కిలోమీటర్లు వస్తుంది. పూలదారానికీ త్రికోణమితికీ తేడా అరవై కిలోమీటర్లు. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పినా, ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా వచ్చినప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అయితే హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎక్కడా ఆగని విమానం లేదు. దుబాయ్ మీదుగా వెళ్ళారనుకోండి. దారాన్ని దుబాయ్ దగ్గర ఒక గుండుసూదికి చుట్టి మళ్ళీ లాగుతాను. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,040. కలిపితే 15,590. దారం 37 సెంటీమీటర్లు అయింది. చిటికెన వేలంత దారం ఎక్కువైంది, అంతే. కానీ ఆ చిటికెన వేలు 2,000 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమాన దూరం 1,260. అంతకంటే ఎంత ఎక్కువో చూడండి.

దూరం సంగతి ఇంతే. ఇక గాలి సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి.

మనం గోదావరి ఒడ్డువాళ్ళం. పాపికొండలు చూడ్డానికి లాంచీలో వెళ్ళినవాళ్ళకి తెలుసు. వెళ్ళేటప్పుడు ఏటికి ఎదురు, ఇంజిన్ రొద పెడుతూ మెల్లగా పోతుంది. వచ్చేటప్పుడు వాలుకి వస్తుంది, అదే ఇంజిన్, అదే లాంచీ, గబగబా వచ్చేస్తాం. బళ్ళో పడవ లెక్కలు చేశాం కదా, నిశ్చల జలంలో పడవ వేగం ఇంత, ప్రవాహ వేగం ఇంత అని. విమానం లెక్క కూడా అదే. పెద్ద జెట్ విమానం గాలిలో గంటకు దాదాపు 900 కిలోమీటర్లు పోతుంది. కానీ అది పోయే గాలి నిలకడగా ఉండదు, అదొక నది.

లెక్క చూడండి. 13,500 కిలోమీటర్లు, గాలి లేకపోతే 900 వేగంతో 15 గంటలు. దారంతా సగటున గంటకు 100 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే 13న్నర గంటలు. అదే గాలి ఎదురొస్తే దాదాపు 17 గంటలు. దూరం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు, మూడు గంటల పైన తేడా వచ్చింది. ఇంకో విషయం గమనించండి. రానూపోనూ కలిపితే గాలి లేని రోజు 30 గంటలు. గాలి ఉన్న రోజు 13న్నర, 17 కలిపి 30న్నర దగ్గర పడుతుంది. వెళ్ళేటప్పుడు పోగొట్టుకున్నదంతా వచ్చేటప్పుడు తిరిగి దక్కదు. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి.

ఆ ఆకాశనది పేరు జెట్ స్ట్రీమ్. నేలకు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకి పారుతుంది. ఉష్ణమండలం గాలి వేడిగా, ధ్రువం గాలి చల్లగా ఉంటుంది. ఆ రెండూ ఎదురుపడే చోట, భూమి తిరగడం వల్ల గాలి తూర్పుకి మళ్ళి, ఇరుకైన కాలువలా వేగం పుంజుకుంటుంది. శీతాకాలంలో వేడికీ చలికీ తేడా ఎక్కువ కాబట్టి దాని జోరూ ఎక్కువే. గంటకు 300 కిలోమీటర్లు దాటిన రోజులుంటాయి. తుఫానుకి మన కొబ్బరిచెట్లు వేళ్ళతో లేచిపోయే వేగం కంటే ఎక్కువ. అంత గాలి పైన ఉందని వందేళ్ళ కిందట ఎవరికీ సరిగా తెలియదు.

కనిపెట్టినాయన గురించి చెప్పాలి. జపాన్‌లో తతెనో అనే చోట ఒక వాతావరణ పరిశోధన కేంద్రం. దానికి వసాబురో ఓయిషి అనే శాస్త్రవేత్త అధిపతి. 1920లలో ఆయన రోజూ బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో సర్వేవాళ్ళ దుర్బిణి లాంటి థియోడొలైట్‌తో చూసి కోణాలు రాసుకునేవాడు. చలికాలంలో తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున గంటకు 250 కిలోమీటర్లు దాటిన గాలి కొలిచాడు. 1926లో ఫలితాలు అచ్చువేశాడు. ప్రపంచమంతా చదవాలన్న తపనతో ఎస్పెరాంటో భాషలో రాశాడు. అన్ని దేశాలకీ ఉమ్మడి భాషగా పనికొస్తుందని తయారుచేసిన భాష అది. ఆ భాష చదివేవాళ్ళే తక్కువ. నివేదిక జపాన్ బయట దాదాపు ఎవరి కంటా పడలేదు. 1944లో అమెరికా బి-29 బాంబర్లు జపాన్ మీదికి వచ్చినప్పుడు ఆ గాలి వాళ్ళకి ఎదురై, బాంబులు గురి తప్పాయి. అప్పుడుగానీ ఆ నది గురించి మిగతా లోకం గట్టిగా పట్టించుకోలేదు. తెలుగులో సైన్సు చెప్పాలని తాపత్రయపడే నాలాంటివాడికి ఓయిషి కథ మనసులో గుచ్చుకుంటుంది. ఆయన అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు. అందరికీ అందాలనే రాశాడు.

ఇక ఆ గాలి ఏం చేయగలదో రెండు ఉదాహరణలు.

2020 ఫిబ్రవరిలో సియారా అనే తుఫాను ఇంగ్లండ్ వైపు వెళ్తోంది. న్యూయార్క్ నుంచి లండన్ బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం ఆ గాలివాటంలో పడి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటల పైన పట్టే ప్రయాణం. నేల మీద నుంచి కొలిస్తే ఒక దశలో దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. శబ్దవేగాన్ని మించిందా అని పిల్లలు అడుగుతారు. మించలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దానిది మామూలు వేగమే. లాంచీ వాలుకి ఎంత గబగబా వచ్చినా దాని చుట్టూ నీరు చిమ్మేది ఎప్పటిలాగే కదా, అలాగన్నమాట.

రెండోది మన దేశానిది. నా దృష్టిలో ఇవాళ్టి విషయం మొత్తం ఈ ఒక్క ఉదాహరణలో ఉంది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఆగకుండా విమానం మొదలుపెట్టింది. మొదట యూరప్, అట్లాంటిక్ మీదుగా పడమటి దిక్కున వెళ్ళేది. దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి, తూర్పున పసిఫిక్ సముద్రం మీదుగా పంపారు. ఆ దారి దాదాపు 15,300 కిలోమీటర్లు, అంటే 1,400 కిలోమీటర్లు అదనం. మరి సమయం? రెండు గంటల దాకా తగ్గింది. పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయింది. పడమటికి పోతే దారి పొడవునా ఎదురుగాలి. తూర్పుకి పోతే జెట్ స్ట్రీమ్ వెనక నుంచి తోస్తుంది. 15,300ని పద్నాలుగున్నరతో భాగించండి. సగటున గంటకు 1,055 కిలోమీటర్లు. తనంతట తానుగా 900 పోయే విమానానికి మిగతాది గాలి ఇచ్చింది. అప్పట్లో ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ దూరం ఆగకుండా వెళ్ళే విమానం అదే అయింది. దగ్గర దారి వదిలి దూరపు దారి పట్టి ముందుగా చేరారు.

ఇలాంటి నిర్ణయాలు పైలట్ ఒక్కడే తీసుకోడు. ఎయిర్‌లైన్స్ ఆఫీసుల్లో ఫ్లైట్ డిస్పాచర్లని ఉంటారు. విమానం బయలుదేరే కొన్ని గంటల ముందు వాళ్ళు గాలి పటాలు పెట్టుకుని, ఇవాళ్టికి ఏ దారి, ఏ ఎత్తు, ఎంత ఇంధనం అని తేలుస్తారు. అట్లాంటిక్ మీదైతే కెనడాలో గ్యాండర్, ఇటువైపు షాన్విక్ అనే రెండు నియంత్రణ కేంద్రాలు కలిసి రోజుకి రెండుసార్లు కొత్త దారులు గీస్తాయి. గాలి ఎటు జరిగితే దారులు అటు జరుగుతాయి. నిన్న వెళ్ళిన దారిలో ఇవాళ వెళ్ళాలని లేదు.

ఇంధనం అంటే కొద్దిగా కాదు. ఇలాంటి దూరాలకి వాడే బోయింగ్ 777-200ఎల్‌ఆర్ ట్యాంకులు నిండితే 1,81,000 లీటర్ల పైచిలుకు పడుతుంది, దాదాపు 145 టన్నులు. విమానం గరిష్ఠంగా లేవగలిగే బరువు 347 టన్నులు. అంటే నలభై శాతం పైన ఇంధనమే. మొదటి గంటల్లో కాలే ఇంధనంలో కొంత భాగం చివరి గంటల ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. ఎదురుగాలి మరీ ఎక్కువైన రోజున సరుకో, కొన్ని సీట్లో తగ్గించుకోవాల్సి వచ్చేది అందుకే.

గాలి కాకుండా సమయాన్ని మార్చేది ఇంకొకటుంది. ఆకాశానికి కూడా సరిహద్దు గేట్లుంటాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా యూరప్, అమెరికా విమానాలకి తన గగనతలం మూసింది. హెల్సింకి నుంచి టోక్యోకి అంతకుముందు తొమ్మిదీ పది గంటల్లో వెళ్ళే ఫిన్నిష్ విమానానికి పదమూడు గంటల దాకా పట్టసాగింది. అది ఉత్తర ధ్రువం మీదుగా చుట్టి వెళ్ళాల్సి వచ్చింది. ఊళ్ళు కదలలేదు, మధ్యలో గేటు పడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి గగనతలం మూసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళేవి అరేబియా సముద్రం వైపు దిగి చుట్టి వెళ్ళాయి, కొన్ని యూరప్‌లో ఆగి ఇంధనం నింపుకున్నాయి. ఆ రోజుల్లో మీలో ఎవరి పిల్లలైనా ప్రయాణం చేసి ఉంటే మీకే బాగా గుర్తుంటుంది.

దారం వెళ్ళే చోట్లలో మనుషులు తక్కువ. అది కూడా డిస్పాచర్లు ఆలోచించాల్సిన విషయమే. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానానికి ఒక ఇంజిన్‌లో సమస్య వస్తే రష్యా తూర్పు కొసన మగదాన్ అనే ఊళ్ళో దించారు. ప్రయాణికులు 216 మంది, సిబ్బంది 16 మంది. చిన్న ఊరు. అంతమందికి హోటళ్ళు చాలక కొందరు బడి గదుల్లో నేల మీద పరుపులు వేసుకుని పడుకున్నారు. ముంబై నుంచి ఇంకో విమానం వెళ్ళి వాళ్ళని తీసుకెళ్ళింది. అందరూ క్షేమంగా చేరారు. దారికి దగ్గరలో దిగడానికి ఒక రన్‌వే ఉండేలా దారి గీసినవాళ్ళ పనితనం అది.

ఇప్పుడు గడియారం. మా బావగారి కోసమైనా ఇది చెప్పి తీరాలి.

మన దేశం మొత్తానికీ ఒకే సమయం. దానికి ఆధారం 82న్నర డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ రేఖ మన కాకినాడకి దగ్గరలోంచే పోతుంది. గ్రీనిచ్ కంటే మనం ఐదున్నర గంటలు ముందు. కాలిఫోర్నియా శీతాకాలంలో ఎనిమిది గంటలు వెనక. రెండూ కలిపితే పదమూడున్నర. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారం ఒక గంట ముందుకి తిప్పుతారు, అప్పటి నుంచి తేడా పన్నెండున్నర. నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ పదమూడున్నర.

టికెట్ మీద బయలుదేరే సమయం ఆ ఊరి గడియారం ప్రకారం, దిగే సమయం ఈ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. కాబట్టి ముందు బయలుదేరే సమయాన్ని మన సమయంలోకి మార్చండి, ఆ తర్వాతే ప్రయాణ గంటలు కలపండి. మా అక్కది శుక్రవారం సాయంత్రం 4. మనకి శనివారం తెల్లవారుజామున 5:30. దానికి ఇరవై రెండున్నర కలిపితే ఆదివారం తెల్లవారుజామున 4. వెళ్ళేటప్పుడు తమాషాగా ఉంటుంది. ఇక్కడ మంగళవారం ఉదయం 10కి ఎక్కి, ఇరవై రెండున్నర గంటలు ప్రయాణం చేసి దిగితే అక్కడ ఇంకా మంగళవారం సాయంత్రం 7 గంటలే.

ఒక నిజమైన ప్రయాణంతో సరిచూద్దాం. 2021 జనవరి 9న రాత్రి ఎనిమిదిన్నరకి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి ఎయిర్ ఇండియా విమానం లేచింది. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్ళంతా మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవారె, శివానీ మన్హాస్ నడిపారు. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి 11వ తేదీ తెల్లవారుజామున మూడు దాటాక బెంగళూరులో దించారు. తేదీలు చూస్తే 9 నుంచి 11. గంటలు చూస్తే? వాళ్ళ 9 రాత్రి ఎనిమిదిన్నర అంటే మనకి 10 ఉదయం పది. అక్కణ్ణుంచి మర్నాడు తెల్లవారుజాము మూడు దాకా 17 గంటలు. అంతే. ధ్రువం దగ్గర అన్ని రేఖాంశాలూ ఒకచోటికి చేరతాయి కాబట్టి అక్కడ "ఇప్పుడు టైమ్ ఎంత" అన్న ప్రశ్నకి అర్థమే ఉండదు. అలాంటి చోటు మీదుగా వచ్చారు వాళ్ళు.

ఇంకొక్క మాట. టికెట్ మీద ఉండే గంటలు గాల్లో ఉండే గంటలు కావు. విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి, అవతలి ఊళ్ళో గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పోవడం, వరసలో ఆగడం అన్నీ అందులోనే. కనెక్టింగ్ ఫ్లైట్‌కి మధ్యలో గంటా గంటన్నరే ఉన్న టికెట్ చవకగా వస్తుందని పెద్దవాళ్ళకి కొనిపెట్టకండి. గాలి ఎదురైన రోజు ఆ గంట అక్కడే హరించుకుపోతుంది. మూడు గంటలుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో ముందే డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. మందులు చేతిసంచీలోనే పెట్టుకోండి.

(వెనక వరస నుంచి ఒక విద్యార్థి: "సార్, భూమి తిరుగుతోంది కదా. హెలికాప్టర్‌లో పైకి లేచి కదలకుండా ఉంటే అమెరికా మన కిందికి రాదా?")

చాలా మంచి ప్రశ్న బాబూ. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. హైదరాబాద్ అక్షాంశం దగ్గర నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతోంది. నేలతో పాటు గాలీ తిరుగుతోంది, నువ్వూ తిరుగుతున్నావు, హెలికాప్టరూ తిరుగుతోంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నిలబడి ఎగిరితే బోగీ ముందుకి వెళ్ళిపోయి వెనక గోడకి గుద్దుకోవు కదా, ఎగిరిన చోటే పడతావు. ఇదీ అంతే. నిజంగా కదలకుండా ఉండాలంటే పడమటికి గంటకు 1,600 వేగంతో ఎగరాలి. అది శబ్దవేగం కంటే ఎక్కువ.

(ముందు వరసలో ఒక తల్లి: "మా అమ్మాయి ఆస్టిన్‌లో ఉంటుందండి. అది ఇటు నుంచి దగ్గరా, అటు నుంచి దగ్గరా?")

మీరే చూద్దురుగాని, ఇలా రండమ్మా. ఈ కొస నేను హైదరాబాద్ మీద పట్టుకుంటాను. టెక్సాస్ ఇదిగో. మీ వేలు ఇక్కడ పెట్టండి, ఇంకాస్త లోపలికి. ఆ, అదే ఆస్టిన్. ఇప్పుడు వదులు లేకుండా లాగండి. ఇంకొంచెం. చూశారా, ఇటూ కాదు, అటూ కాదు. దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి, ఉత్తర ధ్రువం పక్క నుంచి అవతలికి దిగింది. మీకూ మీ అమ్మాయికీ మధ్య దగ్గర దారి అదే. దారం మీద గోటితో గుర్తు పెట్టండి, కొలుద్దాం. 34న్నరకి కాస్త పైన. అంటే దాదాపు 14,700 కిలోమీటర్లు.

గ్లోబు ఇక్కడే ఉంచుతాను, దారం ఉండ కూడా. తర్వాత ఎవరిది? ఏ ఊరండీ?